పొయ్యి మీద వేలాడిన సాక్ష్యం

పోర్చుగల్ ఈశాన్య కొండల్లో మిరాందేలా అనే ఊరుంది. అక్కడి అల్యైరా సాసేజ్‌కి దేశమంతా పేరు. పేగులో మాంసం కూరి చేసేదే సాసేజ్. ఆ దేశంలో అది ఎక్కువగా పందిమాంసమే. పాతకాలపు అల్యైరాలో మాత్రం కోడి, వేటమాంసం, రొట్టె, వెల్లుల్లి. ఎందుకని?

1496 డిసెంబర్‌లో మనుయెల్ రాజు యూదులూ ముస్లిములూ రాజ్యం వదిలిపోవాలని ఫర్మానా ఇచ్చాడు. ముస్లిములు వెళ్లిపోయారు. యూదుల్ని 1497లో బలవంతంగా క్రైస్తవుల్ని చేశారు. 1536లో మతవిచారణ కోర్టు వచ్చింది. 1821 దాకా నడిచింది. శనివారం ఉతికిన బట్టలు కట్టుకున్నా, పంది ముట్టకపోయినా ఇరుగుపొరుగే ఫిర్యాదు చేసేవాళ్లు. చలికాలంలో ఇంటింటా పొయ్యి పైన సాసేజ్ దండలు వేలాడేవి. దండ లేని ఇల్లు దొరికిపోయేది. అందుకే పంది లేని సాసేజ్ చేసి వేలాడదీశారట. ఇది ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. ఆ జనం మాత్రం ఈ కథే చెప్పుకుంటారు.

మాకీ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. అద్దె ఇల్లు అడగబోతే పేరు తర్వాత వచ్చే ప్రశ్న 'ఏం తింటారు?' 2015లో దాద్రీలో ఆవును కోశారన్న పుకారు మీద ఒక ముస్లిమును కొట్టి చంపారు. ఆ తర్వాత మాంసాన్ని పరీక్షకు పంపారు. అప్పుడు పొయ్యి. ఇప్పుడు ఫ్రిజ్.

మంచి మిత్రులు కూడా 'మీరు ముస్లిముల్లా ఉండరండీ' అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోళ్లు మా చేత ఎన్ని దండలు వేలాడదీయించాయో! క్రికెట్ మ్యాచ్ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాలి. బస్సులో పిల్లలు 'అమ్మీ' అని గట్టిగా పిలవకూడదు.

ఇప్పుడు పోర్చుగల్ హోటళ్లలో అల్యైరాతో క్రోకెట్లు వేయిస్తారు. పైతోలు చీల్చి, లోపలి ముద్దని వేలెడంత చుట్టి, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడిలో దొర్లించి నూనెలో వదులుతారు. చిత్రమేమంటే బజారు అల్యైరాల్లో చాలావాటిలో ఇవాళ పందిమాంసం ఉంటుంది. దేన్ని తప్పించుకోడానికి పుట్టిందంటారో అదే లోపలికొచ్చి కూర్చుంది.

అందుకని మేం సాసేజ్ కొనం. హలాల్ కోడిని ఉడికించి పీచులు తీస్తాం. ఆ నీళ్లలోనే ఎండిన రొట్టె నానబెట్టి, దంచిన వెల్లుల్లి, కారం, ఆలివ్ నూనె కలిపి పొయ్యి మీద దగ్గరపడేదాకా తిప్పుతాం. చల్లారాక చుడితే నూనెలో విరగవు. ఆ తర్వాతదంతా మా షమీల పద్ధతే. పైన కరకర, లోపల మెత్తన.

వాళ్లు పక్కింటి చూపుకు భయపడి వండారు. మేం ఆకలేసి వండుతాం. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద పెడతాం, మీ ఇంటికీ ఒక ప్లేటు పంపుతాం. తినండి. ఉప్పు తక్కువైతే చెప్పండి. మేం ఈ దేశానికి ఎంత నమ్మకస్తులమో మాత్రం ఆ ప్లేటులో వెతక్కండి.