బూడిదలో దుంప, కుక్కర్‌లో దుంప



గ్రూపులో అందరూ నోటిఫికేషన్లు, సీట్లు, స్కాలర్‌షిప్‌ల గురించి రాస్తుంటే మేము దుంపల గురించి రాస్తున్నాం. నవ్వుకోండి, పర్వాలేదు. పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మేము అంటే ముగ్గురం ఆడపిల్లలం. విశాఖలో డిగ్రీ, ఒకే హాస్టల్, ఒకే గది. ముగ్గురివీ పాడేరు వైపు ఊళ్లే. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకరి నాన్నమ్మ మిగతా ఇద్దరికీ నాన్నమ్మే, కాబట్టి ఇందులో "మా నాన్నమ్మ" అనే రాస్తాం. ఎవరి నాన్నమ్మ అని అడగొద్దు.

మొన్న సంక్రాంతి సెలవులకి ఊరెళ్లినప్పుడు మాతోపాటు ఒక స్లో కుక్కర్ కూడా వచ్చింది. మా అక్క విశాఖలో ఒక ఇంట్లో పెద్దావిడని చూసుకునే పని చేస్తుంది. ఆ ఇంటివాళ్లు ఇల్లు మారుతూ, మేం వాడట్లేదు తీసుకుపో అని ఇచ్చేశారు. ఘాట్ రోడ్డు మలుపుల్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం, లోపలి గిన్నె పింగాణీది, ఎక్కడ పగిలిపోతుందో అని.

చూడని వాళ్ల కోసం చెప్తున్నాం. స్లో కుక్కర్ అంటే రైస్ కుక్కర్ కాదు, ప్రెషర్ కుక్కర్ అంతకన్నా కాదు. విజిల్ రాదు. మందంగా బరువుగా ఒక పింగాణీ గిన్నె, దాని చుట్టూ వేడెక్కే తీగ, పైన గాజు మూత, ముందు ఒక గుండ్రటి మీట. లో, హై, వార్మ్ అని మూడే ఉంటాయి. లో మీద పెడితే గంటలు గంటలు సన్నటి వేడి. మా దాని అడుగున 230 వోల్టులు, 200 వాట్లు అని రాసి ఉంది. 8 గంటలు ఆపకుండా నడిచినా 1.6 యూనిట్లు. 2000 వాట్ల కరెంటు పొయ్యి ఒక్క గంట వెలిగితే 2 యూనిట్లు అవుతుంది, పోల్చుకోండి. (ఎవరైనా అమెరికా నుంచి తెచ్చింది ఇస్తే మాత్రం ముందు అడుగున చూడండి. అక్కడివి 120 వోల్టులకి చేసినవి, మన ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.)

అసలు దాన్ని ఇంటికి ఎందుకు మోసుకెళ్లాం అంటే, నాన్నమ్మ దగ్గు. చలికాలం వచ్చిందంటే రాత్రంతా దగ్గే. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండి నీళ్లు కారుతుంటాయి. ఆసుపత్రిలో డాక్టరు గారు పొగకి దూరంగా ఉండమన్నారు. పొగకి దూరంగా ఎక్కడుంటాది, ఆవిడ ఉండేదే పొయ్యి దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇళ్లలో పొయ్యిల పొగ వల్ల ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారు. ఆ అంకె క్లాసులో విన్నప్పుడు మాకు వేరే దేశాలు గుర్తు రాలేదు, మా వంటిల్లే గుర్తొచ్చింది. గ్యాస్ ఉంది. కానీ సిలిండర్ అయిపోతే కిందకి వెళ్లి తేవాలి, దానికి డబ్బులూ ఆటో కిరాయీ. అందుకని గ్యాస్ అంటే చుట్టాలొస్తే టీకి. కట్టెలంటే అమ్మ మోసేది. మా చిన్నప్పుడు ఊరు వెనకే దొరికేవి, ఇప్పుడు పొద్దున్న వెళ్తే ఎండెక్కాక వస్తుంది.

సరే, దుంపల దగ్గరికి వద్దాం.

మొదటగా ఏం వండాలి అనుకుని బంగాళాదుంపలు పెట్టాం. యూట్యూబ్‌లో చూస్తే బేక్డ్ పొటాటో స్లో కుక్కర్‌లో చాలా సులువు అన్నారు. నిజంగానే సులువు. దుంపలు మట్టి పోయేలా కడిగి, గుడ్డతో తడి తుడిచేసి, కత్తి మొనతో నాలుగైదు చోట్ల గుచ్చాలి. పైన నూనె, ఉప్పు రాయాలి. ఒక్కోదాన్ని అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి గిన్నెలో పేర్చి మూత పెట్టాలి. నీళ్లు పోయకూడదు, దుంపలో ఉన్న నీరే దానికి చాలు. లో మీద 8 గంటలు, లేదా హై మీద 4, 5 గంటలు. అన్నీ ఒకే సైజువి ఏరుకోండి, లేకపోతే చిన్నది పిండైపోయి పెద్దది మధ్యలో గట్టిగా ఉండిపోతుంది. పచ్చగా తిరిగినవి, మొలకలెత్తినవి పక్కన పడెయ్యండి.

సంతలో ఫాయిల్ దొరకలేదు. మాకు అడ్డాకులకి లోటా? నాన్నమ్మ విస్తర్లు కుట్టడానికి తెచ్చుకున్న కట్టలోంచి తీసి, తడిపి, రెండేసి ఆకుల్లో చుట్టి పుల్లలు గుచ్చాం. పొద్దున్న 9 గంటలకి మీట తిప్పాం.

నాన్నమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది. గంటకోసారి వచ్చి గాజు మూత మీద చెయ్యి పెట్టి, "ఏటే గుంటలూ, మంట లేదు, పొగ లేదు, సప్పుడు లేదు. లోపల దుంప వుడుకుతందో పడుకుందో ఎలాగ తెలస్తాది?" అంటుంది. మూత తీసి చూద్దాం అంటుంది. తీస్తే వేడంతా పోతుంది, మళ్లీ ఎక్కడానికి చాలాసేపు పడుతుంది, తియ్యకు అని మేము. అలా మధ్యాహ్నం 2 అయ్యింది. కరెంటు పోయింది.

మా ఊళ్లో కరెంటు పోతే ఎప్పుడొస్తుందో అడిగేవాళ్లు ఉండరు. అరగంట చూశాం. ఒకటి గుచ్చి చూస్తే సగం ఉడికింది, నడుమ ఇంకా పచ్చి. నాన్నమ్మ ఏమీ అనలేదు. పొయ్యి దగ్గరికెళ్లి కట్టెలు పక్కకి లాగి, బూడిద ఎడం చేసి, ఆకులు ఊడదీసిన దుంపలు పెట్టి, పైన బూడిద కప్పి, దాని మీద నిప్పులు పేర్చింది. అరగంటలో తీసి నేలకేసి తట్టింది. తొక్క కాగితంలా ఊడొచ్చింది. లోపల మెత్తగా, పొడిపొడిగా, ఆవిర్లు కక్కుతూ. ఉప్పు, పచ్చిమిరపకాయ నూరుకుని తిన్నాం. అంత రుచైన బంగాళాదుంప మేము హాస్టల్లో మూడేళ్ల కూరలన్నీ కలిపినా తినలేదు.

మర్నాడు కరెంటు ఉంది, పూర్తిగా 8 గంటలు కుక్కర్‌లోనే వండాం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే లోపల మెత్తగా బాగా వచ్చింది, తొక్క మాత్రం తడిగా, ఉడకబెట్టినట్టే ఉంది. మూత కింద ఆవిరి బయటికి పోదు కదా, తొక్క ఎండేది ఎలాగ. కాబట్టి మా పద్ధతి ఇది: కుక్కర్‌లో ఉడికాక చివర్లో ఒక 5 నిమిషాలు నిప్పుల మీదో, ఎండు పెనం మీదో దొర్లించండి. తొక్కకి కాలిన వాసన వస్తుంది.

చిలగడదుంప దగ్గరికొచ్చేసరికి ఇంకో సంగతి తెలిసింది. బూడిదలో పెట్టినదీ, కుక్కర్‌లో పెట్టినదీ రెండూ తేనెలా ఉన్నాయి. అదే దుంపని హాస్టల్ వంటాయన సాయంత్రం స్నాక్స్‌కి గబగబా ఉడికించి పెడితే అంత తీపి ఉండదు. మాలో ఒకరిది కెమిస్ట్రీ, ఆవిడ వివరించింది. చిలగడదుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. కానీ పిండి కాస్త ఉడికితేనే దాని పని మొదలవుతుంది, వేడి మరీ ఎక్కువైతే ఎంజైమే చచ్చిపోతుంది. సుమారు 60 నుంచి 75 డిగ్రీల మధ్య దుంప ఎంత ఎక్కువసేపు ఉంటే అంత తీపి. పెద్ద మంట మీద ఆ మధ్య దశ చిటికెలో దాటిపోతుంది. బూడిదలో మెల్లగా దాటుతుంది. నాన్నమ్మకి ఎంజైమ్ పేరు తెలీదు. "మంటలో పెడితే దుంపకి కోపమొస్తాది, బూడిదలో పెడితే నిద్రలో పండుతాది" అని మాత్రం అంటుంది. మేము సెమిస్టర్‌లో రాసినదానికన్నా ఇదే బాగుంది.

స్లో కుక్కర్ ఎవరు కనిపెట్టారా అని కూడా వెతికాం. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఆయనకి 1940లో పేటెంటు వచ్చింది. వాళ్లు యూదులు. వాళ్లమ్మ తను పుట్టి పెరిగిన లిథువేనియా ముచ్చట చెప్పేదట. శుక్రవారం పొద్దు గుంకాక వాళ్లు నిప్పు వెలిగించకూడదు. అందుకని ముందే గింజలు, మాంసం, దుంపలు కుండలో పెట్టి ఊళ్లో రొట్టెలు కాల్చే బట్టీకి తీసుకెళ్లేవాళ్లు. బట్టీ మెల్లగా చల్లారుతుంటే ఆ మిగిలిన వేడికే రాత్రంతా ఉడికేది. కొడుకు ఆ కుండకి కరెంటు తీగ చుట్టాడు. 1971లో ఇంకో కంపెనీ దాన్నే క్రాక్ పాట్ అనే పేరుతో అమ్మింది. అంటే ఈ యంత్రం కూడా ఎవరో ముసలమ్మ ఆరిపోతున్న పొయ్యిలోంచి వచ్చిందే.

ఇక బంగాళాదుంప. పేరులో బంగాళం ఉందని అక్కడిదనుకునేవాళ్లం. కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లో, ఇప్పటి పెరూ, బొలీవియా వైపు, అక్కడి ఆదివాసులు వేల ఏళ్ల కిందట అడవి దుంపని ఏరి ఏరి పంటగా చేశారు. స్పెయిన్ వాళ్లు దాన్ని యూరప్‌కి పట్టుకెళ్లారు, మన పడమటి తీరానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు. మరాఠీలో ఇప్పటికీ బటాటా అంటారు, అది వాళ్ల మాటే. అక్కడి కెచువా, ఐమారా జనం ఈరోజుకీ దుంపలు తవ్వే రోజుల్లో పొలంలోనే మట్టిపెళ్లలతో చిన్న పొయ్యి గూడులా కట్టి, ఎర్రగా కాలేదాకా మంటపెట్టి, దుంపలు లోపలేసి, ఆ పెళ్లల్నే మీద కూల్చేస్తారు. ఆ వేడికి దుంపలు కాలతాయి. దాన్ని వాతియా అంటారు. ఆ వీడియో నాన్నమ్మకి చూపించాం. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈలు మనోళ్లే కదే" అంది. భాష మాత్రం అర్థం కావట్లేదు అంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, ఫస్టియర్‌లో మా క్లాసులో ఒకమ్మాయి "మీ ఏజెన్సీలో దుంపలు తినే బతుకుతారంట కదా" అంది. తిట్టాలని అనలేదు, ఊరికే అడిగింది. అయినా ఆ మాట చాన్నాళ్లు ఉండిపోయింది. నాన్నమ్మకి కూడా అదే. ఊరికి ఆఫీసర్లో, టీచర్లో వస్తే పొయ్యిలో దుంపలు కాలుతున్నా బయటికి తియ్యదు, అన్నం వండుతుంది. మేము అడిగితే అప్పుడు చెప్పింది. ఆవిడ చిన్నతనంలో వానాకాలం నెలల్లో గింజ ఉండేది కాదు. అడవి దుంపలు, మామిడి టెంకల అంబలి, అంతే. చేదు దుంప అయితే ముక్కలు కోసి బుట్టలో పెట్టి గెడ్డ నీళ్లలో కట్టి వదిలేసేవాళ్లట, విషం పోవాలని. ఒకసారి ఆకలికి ఆగలేక తొందరగా తీసి వండిన ఇంట్లో చిన్నపిల్ల చనిపోయిందట. ఆ పిల్ల నాన్నమ్మ చెల్లెలు. మా ముగ్గురికీ ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆకలి వేసినప్పుడు తిన్నదాన్ని చుట్టాల ముందు పెట్టడానికి చెయ్యి రాదు అంది. విశాఖలో అదే కాల్చిన దుంపకి వెన్న రాసి 180 రూపాయలకి అమ్ముతున్నారని చెప్తే, "అమ్మనీ, ఆలకి ఆకలి తెలీదు కదా" అంది. అందులో ఎగతాళి లేదు.

ఆ రాత్రి నుంచి ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో, ఏది కాల్చేది, ఏది ఉడకబెట్టేది, ఏది ఎన్నిసార్లు కడగాలో అన్నీ నాన్నమ్మ చెప్తుంటే ఫోన్లో రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి 11 పేర్లు అయ్యాయి. కొన్నిటికి తెలుగులో పేర్లే లేవు.

స్లో కుక్కర్ కొనేవాళ్లకి రెండు మాటలు తప్పకుండా చెప్పాలి. ఒకటి రాజ్మా. మన చింతపల్లి, పాడేరు వైపు పండేదే కాబట్టి ఎవరైనా మొదట అదే వేద్దామనుకుంటారు. పచ్చి రాజ్మా నేరుగా స్లో కుక్కర్‌లో వెయ్యకండి. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, సన్నటి వేడికి అది పోదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, వేరే గిన్నెలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించి, తరవాతే కుక్కర్‌లో వెయ్యాలి. చేదు దుంప సంగతీ అంతే, నీళ్లు చేసే పని కరెంటు చెయ్యదు. రెండోది, ఫాయిల్ చుట్టిన దుంప ఉడికాక అలాగే బల్ల మీద రేపటిదాకా ఉంచకండి. గాలి తగలని చోట బోటులిజం క్రిమి పెరుగుతుంది. 1994లో అమెరికాలో ఎల్ పాసో ఊళ్లో అలా బయట ఉంచేసిన ఫాయిల్ దుంపలతో చేసింది తిని 30 మంది జబ్బు పడ్డారు. వేడివేడిగా తినెయ్యండి, మిగిలితే ఫాయిల్ తీసేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ లేకపోతే తినగలిగినన్నే వండండి.

కుక్కర్ ఇప్పుడు ఊళ్లోనే ఉంది. అమ్మ రాత్రి పడుకునే ముందు అందులో చోడి అంబలి పెట్టేసి, పొద్దున్నే తాగేసి పనికెళ్తోంది. వారానికి ఒక మోపు కట్టెలు తగ్గాయి అంటుంది. నాన్నమ్మ దగ్గు కొంచెమే తగ్గింది. ఎందుకంటే తెల్లారగట్ల ఆ చలికి పొయ్యి వెలిగించక తప్పదు, మేము వద్దన్నా వినదు. మొన్న ఫోన్లో గట్టిగా అడిగితే, "మీ కుండ దుంపని కాస్తాది గానీ, నన్ను కాస్తాదేటే?" అంది. మా దగ్గర జవాబు లేదు. పొగ పైకి పోయేలా కప్పులోంచి గొట్టం పెట్టిద్దామని నాన్నతో మాట్లాడాం. ఎండాకాలంలో ఇల్లు కప్పేటప్పుడు పెడతానన్నాడు.