నింద మోసే డైనమో

1948 నుంచి 1971 దాకా బ్రిటన్‌లో తయారైన మోరిస్ మైనర్ లాంటి పాత కార్లలో బ్యాటరీ దిగిపోతే నింద ముందుగా డైనమో మీదే పడుతుంది. విచారణ లేకుండా వేసే ఈ శిక్ష అన్యాయం. నిజం తేలడానికి ఒక్క వోల్ట్‌మీటర్ చాలు. డైనమో మీది డి (అవుట్‌పుట్), ఎఫ్ (ఫీల్డ్) టెర్మినళ్ల వైర్లు ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్లనూ కలిపి, అక్కడికీ బాడీకీ మధ్య మీటరు పెట్టి, ఇంజన్‌ను మెల్లగా తిప్పాలి. ముల్లు తడబడకుండా పైకెక్కితే (20 వోల్టులు మాత్రం దాటనివ్వకూడదు) డైనమో నిర్దోషి. ఇక కటౌట్‌నూ రెగ్యులేటర్‌నూ వైర్లనూ చూడాలి. ముల్లు ఒక వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్‌ను, నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌ను అనుమానించాలి. యంత్రం ఇంత స్పష్టంగా జవాబు చెబుతుంటే, అడగకుండానే భాగాలు మార్చడం నాకు మింగుడుపడదు.

ఇంత శ్రమ ఎందుకు, ఆల్టర్నేటర్ బిగిస్తే పోదా అంటారు. ఆ మాటలో బలముంది: ఐడిల్‌లో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, రాత్రి ట్రాఫిక్‌లో దీపాలు మసకబారతాయి. కానీ వదులైన బెల్టు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్ ఆల్టర్నేటర్ ఉన్నా బ్యాటరీని పస్తే పెడతాయి. పైగా ఈ కార్లలో చాలావాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. చూసుకోకుండా కలిపితే కొత్త ఆల్టర్నేటర్ డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.