ఊరి దగ్గరికి వచ్చిన కాలేజీ

చదువు మధ్యలో ఆగిపోయినవారు ఒక్కరైనా లేని కుటుంబం మన పల్లెల్లో అరుదు. ఫీజు కట్టలేక ఒకరు, కాలేజీ పట్నంలో ఉందని మరొకరు, పెళ్లి కుదిరిందని ఇంకొకరు ఆగిపోతారు. పదేళ్ల తర్వాత వాళ్లే "మళ్లీ చదువుకుంటాను" అంటే ఇంట్లోవాళ్లు ఏమంటారు? "ఇప్పుడెందుకమ్మా, పిల్లల్ని చదివించుకో" అంటారు. ముప్పై ఏళ్లు పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పిన నేను ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు.

కొన్నేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గర కొన్ని నెలలు ఉండటానికి అమెరికా వెళ్లాను. ఇల్లినాయ్ రాష్ట్రంలో చికాగో నగరానికి నైరుతిగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో జోలియట్ అనే పట్టణం ఉంది. వాళ్లుండేది దానికి దగ్గర్లోనే. మా కోడలు ఇంటర్ కాగానే పెళ్లయిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఒక రాత్రి నాతో, "అత్తయ్యా, నాకు నర్సింగ్ చదవాలని ఉంది. జోలియట్ జూనియర్ కాలేజీలో చేరతాను. ముందు చదవాల్సిన సబ్జెక్టులకు సాయంత్రాలు వెళ్తే చాలు" అంది. మా అబ్బాయి మాత్రం సందేహించాడు. "అందరినీ చేర్చుకునే కాలేజీకి ఏం విలువ ఉంటుందమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు కోసం ఆ కాలేజీ చరిత్ర తెలుసుకున్నాను.

జోలియట్ సున్నపురాతి గనులకూ ఉక్కు కర్మాగారానికీ పేరుపొందిన కార్మికుల ఊరు. అక్కడి హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్. చదువులో చురుకైన పిల్లలు కూడా ఇల్లు విడిచి దూరం వెళ్లే స్తోమత లేక ఆగిపోవడం ఆయనకు బాధగా ఉండేది. చికాగో విశ్వవిద్యాలయపు మొదటి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్‌తో కలిసి ఆయన ఒక మార్గం ఆలోచించారు. కాలేజీ చదువులో మొదటి రెండేళ్లు సొంత ఊరి హైస్కూలులోనే చెబుతారు. మిగిలిన రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి వెళ్లవచ్చు. 1901లో ఆ తరగతి మొదలైంది. విద్యార్థులు ఆరుగురే.

హార్పర్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పద్నాలుగేళ్లకే డిగ్రీ, పద్దెనిమిదేళ్లకు యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన మేధావి. హెబ్రీ భాషా పండితుడు. కాలేజీకి రాలేని పాదిరులకు ఉత్తరాల ద్వారా హెబ్రీ నేర్పించాడు. చదువు దగ్గరికి రాలేనివారి దగ్గరికి చదువే వెళ్లాలన్న ఆలోచన ఆయనకు అప్పటికే అలవాటు. ఇందులో ఆయన స్వప్రయోజనమూ లేకపోలేదు. మొదటి రెండేళ్ల బోధన బయట జరిగితే తన విశ్వవిద్యాలయం పై చదువుల మీద, పరిశోధన మీద దృష్టి పెట్టవచ్చు. అయినా మేలు పొందింది మాత్రం ఊరి పిల్లలే.

ఆరుగురితో మొదలైన ఆ పద్ధతి దేశమంతా పాకింది. రెండవ ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల చదువుకు 1944 చట్టం డబ్బు సమకూర్చింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం, తక్కువ ఖర్చుతో చదువు చెప్పే కాలేజీలు ప్రతి ప్రాంతంలోనూ ఉండాలని సిఫారసు చేసింది. "కమ్యూనిటీ కాలేజీ" అన్న పేరు అప్పటినుండే బాగా వాడుకలోకి వచ్చింది. 1960ల్లో సగటున వారానికి దాదాపు ఒక కొత్త కాలేజీ తెరిచారు. నేడు ఆ దేశంలో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. జోలియట్ కాలేజీ కూడా 1967లో హైస్కూలు నుండి వేరుపడి, తనకంటూ ఒక జిల్లా గల సంస్థ అయింది. ఆ జిల్లాలో ప్రతి ఇంటి పన్నులోనూ కొంత ఆ కాలేజీకి వెళ్తుంది. అందుకే జిల్లావాసులకు ఫీజు తక్కువ.

విలువ మాటకు వస్తే, రెండేళ్లలో నర్సును తయారుచేసే ప్రయోగం 1952లో ఇలాంటి కొన్ని కాలేజీలలోనే ఆరంభమైంది. ఈ చదువు ముగించినవారూ, నాలుగేళ్ల డిగ్రీ చేసినవారూ రాసేది ఒకే లైసెన్సు పరీక్ష. చేర్చుకునేటప్పుడు తలుపు అందరికీ తెరుస్తారు గాని, పరీక్ష దగ్గర ఎవరికీ మినహాయింపు లేదు. మా అబ్బాయి సందేహం ఇక్కడ తీరింది.

అయితే ఈ కథలో కష్టమైన భాగం కూడా ఉంది. ఈ కాలేజీలలో చేరేవారిలో చాలామందికి నాలుగేళ్ల డిగ్రీ దాకా చదవాలనే ఉంటుంది. కాని ఆ పై కాలేజీలకు మారేవారు సుమారు మూడోవంతు మాత్రమే. ఆరేళ్లలో డిగ్రీ చేతికి వచ్చేవారు ఇంకా తక్కువ. వాళ్లకు తెలివి లేక కాదు. పగలు ఉద్యోగం, ఇంట్లో పసిపిల్లలు, ప్రయాణానికి ఖర్చు ఉంటాయి. ఒకచోట చదివిన సబ్జెక్టులను మరోచోట లెక్కలోకి తీసుకోకపోవడం మరో ఇబ్బంది. చేర్చుకోవడం సగం పనే. చివరిదాకా నిలబడేలా చేయడం మిగతా సగం. ఆ సగం కాలేజీ ఒక్కటే చేయలేదు, ఇల్లూ చేయాలి.

మా కోడలికి రెండేళ్ల చదువు నాలుగేళ్లు పట్టింది. వారంలో మూడు సాయంత్రాలు మా అబ్బాయి పిల్లలకు అన్నం పెట్టి, హోంవర్కు చేయించి నిద్రపుచ్చేవాడు. నేను ఉన్నన్నాళ్లు వంట నాది. ఆమె రసాయనశాస్త్రం పుస్తకం ముందు రాత్రి పన్నెండు దాకా కూర్చోవడం చూశాను. నేను తిరిగివచ్చాక ఒక తెల్లవారుజామున ఫోన్ మోగింది. "అత్తయ్యా, లైసెన్సు వచ్చింది" అని మా కోడలి గొంతు. ఇప్పుడు ఆమె ఒక ఆసుపత్రిలో నర్సు.

ఇది అమెరికాలోనే సాధ్యమని అనుకోవద్దు. మన దేశంలో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం, 1996లో మద్రాసు-మైలాపూరు అగ్రమేత్రాసనం కమ్యూనిటీ కాలేజీలు తెరిచాయి. చదువు మానేసినవారికి చేతిపని, బ్రతుకుతెరువు నేర్పడం వాటి ఉద్దేశం. మన హైదరాబాదులో 1982లోనే దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, అత్తమామలారా! మీ ఇంట్లో చదువు ఆగిపోయిన కూతురో కోడలో కొడుకో ఉంటే, ఒకసారి పిలిచి అడగండి. "చదువుకుంటావా?" అని అడిగి ఊరుకోకండి. "నువ్వు వెళ్లి వచ్చేదాకా పిల్లల్ని నేను చూసుకుంటాను" అని కూడా చెప్పండి. ఆ రెండో మాట లేకుండా మొదటి మాట నిలవదు.