రాళ్ళకు ఎన్ని చేపలు?

గాజుతొట్టిలో ఎర్రచేపలు ఈదటం మీరు చూసే వుంటారు. అది మంచినీటి తొట్టి. ఉప్పునీటి తొట్టి సంగతి వేరు. మా యింట్లో అటువంటిది ఒకటి వున్నది. 200 లీటర్ల నీరు పడుతుంది. అందులో వున్న చేపలు నాలుగే! "ఇంత తొట్టికి నాలుగేనా?" అని మీరు అడుగుతారు. అందరూ అడుగుతారు. అందుకనే ఆ కథ చెబుతాను, వినండి.

చేప తినేదీ నీళ్ళలోనే, మలినం వదిలేదీ ఆ నీళ్ళలోనే. ఆ మలినంలో ముఖ్యమైనది అమ్మోనియా. తమాషా ఏమిటంటే, అది చాలావరకు చేప మొప్పలగుండానే బయటికి వస్తుంది. అది చేపకు విషం. సముద్రపు నీటికి క్షారగుణం వున్నది గనక, అందులో ఆ విషం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. సముద్రంలో అయితే అలలు దాన్ని ఎప్పటికప్పుడు కొట్టుకుపోతాయి. గాజుతొట్టిలో అలలు ఎక్కడివి?

తొట్టిలో ఆ పని రాళ్ళు చేస్తాయి. పగడపు దిబ్బలలో విరిగిపడే రాళ్ళ నిండా సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో కంటికి కనిపించని బాక్టీరియా కాపరం వుంటుంది. అందుకే వాటిని లైవ్ రాక్, అంటే ప్రాణమున్న రాయి అంటారు. రాతి పైభాగంలో వుండే బాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగానూ, నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. ప్రాణవాయువు సరిగా అందని లోపలి గదులలో మరొక జట్టు వున్నది. అది నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి పైకి పంపేస్తుంది. ఇండొనేషియాలోని జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన, వడపోత యంత్రం లేకుండా, ఇటువంటి రాళ్ళతో, పగడాలతో, గాలిబుడగలతో సముద్రపు చేపలను పెంచాడు. ఆ సంగతి 1961లో ఒక అమెరికన్ పత్రికలో రాశాడు.

అయితే మన దేశంలో సముద్రం నుంచి పగడపు రాళ్ళు తెచ్చుకోకూడదు. 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ వున్నది. ఆ చట్టం చాలా మంచిది. అందుచేత నేను బోలు రంధ్రాలున్న, మనుషులు తయారుచేసిన రాళ్ళు సుమారు 20 కిలోలు కొన్నాను. ఉప్పుమిశ్రమాన్ని లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపాను. ఒక మిత్రుడు తన పాత తొట్టిలోని రాయి ఒకటి, గుప్పెడంత, ఇచ్చాడు. పాలకు తోడు వేసినట్టు దాన్ని మధ్యన పెట్టాను.

పాలు తెల్లవారేసరికి తోడుకుంటాయి. ఇది తోడుకోవటానికి ఆరు వారాలు పట్టింది. మామూలు బాక్టీరియా కొన్ని, అన్నీ అనుకూలిస్తే, అరగంటలోపలే రెట్టింపు అవుతాయి. ఇవి రెట్టింపు కావటానికి సగం రోజో, రోజో పడుతుంది. ఈలోగా వాటికి ఆహారం కావాలి గదా! రోజూ చిటికెడు చేపమేత చేపలు లేని ఆ తొట్టిలో వేసేవాణ్ణి. పక్కింటి పెద్దమ్మగారు చూసి, "రాళ్ళకు అన్నం పెడుతున్నావుటోయ్!" అని నవ్వింది. నిజానికి ఆవిడ అన్నది అక్షరాలా సరే.

నీళ్ళు గొట్టంలో పోసి మందు చుక్కలు వేస్తే, అమ్మోనియా వున్నప్పుడు ఆకుపచ్చగానూ, లేనప్పుడు పసుపుగానూ అవుతుంది. పసుపు నిలిచిన తరవాత రెండు క్లౌన్ చేపలను వదిలాను. మేత ఎంత వుంటే బాక్టీరియా అంతే పెరుగుతాయి. అందుచేత నెల ఆగి ఒకటి, మరి కొన్నాళ్ళకు ఇంకొకటి చేర్చాను.

అప్పుడు మా బావమరిది ఊరినుంచి వస్తూ, సంచీలో అయిదు చేపలు తెచ్చాడు! అందులో ఒకటి నీలిరంగు సర్జన్ చేప, వేలెడంత. మా అమ్మాయి గంతులు వేసింది. "బావా, ఇంకా ఎంత చోటున్నదో చూడు," అన్నాడతను. నీళ్ళలో చోటు వున్నది, రాళ్ళలో లేదు. నేను అమ్మాయిని పిలిచి, "ఈ చేప ఇప్పుడు 5 సెంటీమీటర్లు. 30 దాకా పెరగగలదు. పొడవు ఆరు రెట్లయితే, బరువు ఎంత?" అన్నాను. అది కాగితం తెచ్చి ఆరును ఆరుతో, మళ్ళీ ఆరుతో హెచ్చవేసింది. 216 రెట్లు! దాని ముఖం చిన్నబోయింది. సాయంత్రమే చేపలు దుకాణానికి తిరిగి వెళ్ళాయి. బావమరిది ఆ రాత్రి భోజనాల దగ్గర నాతో సరిగా మాట్లాడలేదు. కాని ఆ చేపలను వుంచుకుంటే రెండురోజుల్లో తొమ్మిదీ అపాయంలో పడేవి.

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి చుక్కలు వేసి, "నాన్నా, ఆకుపచ్చ!" అని కేక పెట్టింది. వెతికితే రాళ్ళ వెనక ఒక నత్త చచ్చి కుళ్ళుతున్నది. దాన్ని తీసేసి, నీళ్ళు కొంత మార్చి, మేత తగ్గించాం. సోమవారం రంగు లేత ఆకుపచ్చగా వున్నది. బుధవారానికి పసుపు.