శ్రీశైల యాత్రలో సామాను బండి

ఉగాది ఇంకా పదిహేను రోజులున్నదనగానే బళ్లారి చుట్టుపట్ల పల్లెలు సగం ఖాళీ అవుతాయంటే అందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చును గాని బొత్తిగా అబద్ధం కాదు. ఉత్తర కర్ణాటకం నుండి, షోలాపూరు వైపు నుండి కన్నడ భక్తులు జట్లు జట్లుగా కాలినడకను శ్రీశైలం బయలుదేరుతారు. భ్రమరాంబ వారికి ఇంటి ఆడపడుచు, మల్లికార్జునుడు అల్లుడు. అందుచేత చీర, రవిక, పసుపు కుంకుమలు పట్టుకొని పుట్టింటివారు వచ్చినట్లు వస్తారే గాని వట్టి మొక్కుబడిదారుల వలె రారు. కొందరు కొయ్య మరకాళ్ల మీద నడుస్తారు. తరాల తరబడి వారి నడుమ కాపురమున్న మన తెలుగు కుటుంబాలకు కూడ ఈ నడక అలవాటయినది. మా జట్టులో సగం ఇళ్లలో తెలుగు, సగం ఇళ్లలో కన్నడం. దారిలో ఎవరు ఏ పాట ఎత్తుకొన్నా తక్కినవారు అందుకోవడమే.

ఈ యాత్రను గూర్చి వ్రాసేవారు కొండను, గుడిని, పాతాళగంగను వర్ణించడం పరిపాటి. అవి చదివినవారికి మళ్లీ అవే చెప్పడమెందుకు? నేను వెనుక వచ్చే సామాను బండిని గూర్చి వ్రాయదలచినాను. నడిచేవాని భుజాన ఒక సంచి, ఒక నీళ్ల సీసా ఉంటాయి. తక్కిన సంసారమంతా ట్రాక్టరు ట్రాలీలో ఉంటుంది. అది చేరవలసిన చోటికి చేరకపోతే నలభైమందికి వంట లేదు, పక్క లేదు.

వెనుకటి రోజులలో ఇదంతా ఎద్దుబండి పని. బండి కట్టడం తెలిసినవారికి బరువు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ముందు బరువు ఎక్కువైతే ఎద్దుల మెడలు వాచిపోతాయి. వెనుక బరువు ఎక్కువైతే నొగలు పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకొంటాయి. ఎద్దు నోరు లేనిదే అయినా నిలబడిపోయి తన బాధ తెలుపుతుంది. ట్రాక్టరు అట్లా తెలుపదు. తెలిపేసరికి బండి గుంటలో ఉంటుంది.

రెండు చక్రాల ట్రాలీ కూడ ఎద్దుబండి వంటిదే. ఇరుసు త్రాసు ముల్లు వంటిది. బరువులో కొద్ది భాగం ఎప్పుడూ ముందు కొండి మీద ఉండవలెను. అమెరికాలో కుటుంబాలు కారు వెనుక ఇల్లువంటి బండిని తగిలించుకొని తిరుగుతారు గదా, అక్కడ కూడ మొత్తం బరువులో నూటికి పది మొదలు పదిహేను పాళ్లు కొండి మీద పడవలెనని లెక్క. అది తగ్గితే బండి వెనుక భాగం తోక ఆడించినట్లు అటూ ఇటూ కొట్టుకొంటుంది. ట్రాక్టరుకైతే ఇంకొక చిక్కు ఉన్నది. వెనుక బరువు కొండిని పైకెత్తితే ట్రాక్టరు వెనుక చక్రాలకు నేల పట్టు సడలుతుంది. ఎక్కుడులో లాగవలసినవీ, దిగుడులో ఆపవలసినవీ ఆ చక్రాలే.

మనవారికి ట్రాలీ నిండిన తరువాత కూడ సామాను మిగిలిపోతుంది. అప్పుడు వెనుక తలుపుకు నీళ్ల పీపాలు వ్రేలాడగట్టడం ఒక ఆచారమయినది. నేను ఆఫీసులో అంకెలు కూడేవాడిని గనుక దీనికి కూడ లెక్క కట్టి చూచినాను. ఇరుసుకు రెండు మీటర్లు వెనుక నూరు కిలోల బరువు వ్రేలాడగట్టినామనుకొందాము. కొండి ఇరుసుకు మూడు మీటర్లు ముందున్నదనుకొందాము. అప్పుడు కొండి మీది బరువులో దాదాపు 67 కిలోలు తేలిపోతుంది. వ్రేలాడగట్టినది నూరే, కాని పోగొట్టుకొన్న పట్టు అరవై ఏడు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిన తరువాతనే మా జట్టులో వెనుక వ్రేలాడగట్టడం మానినారు.

అన్నిటిలోకి నీరే బరువు. లీటరుకు కిలో చొప్పున రెండువందల లీటర్ల పీపా నింపితే రెండు క్వింటాళ్లన్నమాట. సగం నింపిన పీపా మరీ చెడ్డది. మలుపు తిరిగినప్పుడెల్లా నీరు ఒక ప్రక్కకు దొర్లి బండిని తనతో లాగుతుంది. నింపితే నిండా నింపవలెను, లేకపోతే ఖాళీగా ఉంచవలెను. పీపాల స్థానం అడుగున, ఇరుసుకు కొంచెం ముందు. వాటి ప్రక్కన బియ్యం, జొన్నపిండి మూటలు. వంటపాత్రలు ఆపైన. పక్కబట్టలు, కడక్ రొట్టెల బుట్టలు, గురెళ్ల పొడి డబ్బాలు అన్నిటికంటె పైన. గ్యాసు సిలిండరు నిండుగా ఉంటే సుమారు ముప్పై కిలోలు తూగుతుంది. దానిని పడుకోబెట్టరాదు. రెగ్యులేటరు తీసి, మూత బిగించి, నిలువుగా ఒక మూల కట్టవలెను. జెనరేటరును, డీజిలు డబ్బాను దానికి దూరంగా రెండవ మూల ఉంచవలెను. పైన టార్పాలిను కప్పి, మోకును ఒకే పొడవున కాక అడ్డంగా రెండు మూడు చోట్ల విడివిడిగా వేయవలెను. ఒకటి తెగినా తక్కినవి నిలుస్తాయి.

ఈసారి మా అత్తయ్య రోలు కూడ తెమ్మన్నది. సిలిండరు, మిక్సీ, జెనరేటరు ఉండగా రోలెందుకని అడిగితే పచ్చడి సంగతి మీకేమి తెలుసునన్నది. రోలు మానిపించడానికి ఒక పూట పట్టినది. అంతటితో పోలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఎమ్మిగనూరు చేరేసరికి, "నాయనా, నేనా మూటలమీద ఒక మూల కూర్చుంటాను. నా బరువెంతని? బియ్యం మూటంత కూడ లేనే!" అని డ్రైవరును అడిగినది.

"అమ్మా, మూటలకు మోకు వేసినాను. మీకు వేయగలనా?" అన్నాడతడు.

సరుకుల ట్రాలీలో మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధమని నేను కూడ చెప్పినాను. అత్తయ్యకు చట్టం మీద కోపం రాలేదు, డ్రైవరు మీద వచ్చినది. కర్నూలులో ఆమెను ఆర్టీసీ బస్సెక్కించి పంపినాము.

బళ్లారి నుండి ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు. ఆలూరు, ఆదోని 1953 వరకు మన బళ్లారి జిల్లాలోనివే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అవి అటు పోయినవి, మనమిటు ఉండిపోయినాము. ఆ ఊళ్లలో ఇప్పటికీ మనవారికి చుట్టరికాలున్నవి గనుక రాత్రి మకాములకు లోటు లేదు. మండుటెండ, నల్లరేగడి చేలు, తుంగభద్ర. అటుపైన నందికొట్కూరు, ఆత్మకూరు. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర నడిచేవారు అడవిలో ప్రవేశిస్తారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి. భీముని కొలను దగ్గరి లోయ దిగి ఎక్కినవారికి మెట్లంటే ఏమిటో తెలుస్తుంది. పధ్నాలుగవ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినాడని చరిత్ర చెబుతున్నది.

ఆ దారిన ట్రాలీ రాదు. అది దోర్నాల చుట్టు తిరిగి ఘాటు రోడ్డున పోవలెను. ఇదంతా పులుల సంరక్షణారణ్యం. రాత్రివేళ అడవి గేట్లు మూసివేస్తారు గనుక పగలే దాటవలెను. ఘాటుకు ముందు మా డ్రైవరు దోర్నాలలో అరగంట ఆగినాడు. కొండి పిన్నుకు అడ్డుచీల ఉన్నదా, తోడుగొలుసు తగిలించినదా, చక్రాలలో గాలి సమంగా ఉన్నదా, వెనుక ఎర్రదీపాలు వెలుగుతున్నవా అని ఒక్కొక్కటే తడిమి చూచినాడు. ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి రెండు బ్రేకు పెడళ్లుంటాయి. పొలంలో మళ్లు తిరగడానికి అవి విడిగా పనికివస్తాయి. రోడ్డుమీద మాత్రం రెండింటిని కలిపి కొక్కెం వేయవలెను. లేకపోతే ఒక ప్రక్కనే బ్రేకు పడి బండి అడ్డం తిరుగుతుంది. ఇది తెలియని ట్రాక్టరువారు కూడ ఉన్నారు. దిగుడులో గేరు తీసి వదలడం మరొక పాపం. ఎక్కిన గేరులోనే దిగవలెనన్నాడు మా వాడు. ట్రాలీకి తనకంటూ బ్రేకులు లేవు, తోసుకొని వచ్చే ఆ బరువునంతా ట్రాక్టరే ఆపవలెను.

ఘాటులో ఒక మలుపు దగ్గర మాకు ముందు పోయిన వేరొక జట్టు ట్రాలీ ప్రక్కకు ఒరిగి పడి ఉన్నది. పీపాలు పైన, మూటలు క్రింద పేర్చినారు. బియ్యం రోడ్డంతా చల్లినట్లున్నది. బండిమీద మనుషులు లేరు, డ్రైవరుకు మోచేయి దోక్కుపోయినది, అంతే. అతడు మా వాని చేతులు పట్టుకొని తన సామానంతా మా ట్రాలీలో వేసుకోమన్నాడు. మాలో నలుగురు సరేనన్నారు, పుణ్యక్షేత్రానికి పోతూ కాదనడమెట్లా? మా డ్రైవరు మాత్రం ఒప్పుకోలేదు. "మీ నలభైమందికి నేను జవాబుదారీ. ఇది కూడ ఎక్కిస్తే రేపు రెండు జట్లూ పస్తుంటాయి" అన్నాడు. కఠినంగా వినిపించినది గాని అతడే సరి. చివరకు ఆ సామానులో నుండి ఒక చిన్న రేకుపెట్టె మాత్రం తీసుకొన్నాము. అందులో అడవిలో నడుస్తున్న వారి పెద్దవాళ్ల చక్కెరజబ్బు మాత్రలు, గుండె మాత్రలు ఉన్నవి. అడవిలో ఫోనులు పలుకవు. వారికి ఈ సంగతి తెలిపే దారి లేదు. మందులు ఎప్పుడూ మనిషి నడుముకు ఉండవలెను గాని బండిలో కాదని మా పెద్దమామ అప్పుడే అందరి సంచులు విప్పించి చూచినాడు.

మరునాటి సాయంకాలం మా కుర్రవాళ్లిద్దరు ఆ పెట్టె తీసుకొని కైలాసద్వారం దగ్గర కూర్చున్నారు. ఆ జట్టువారు దీపాలు పెట్టేవేళకు మెట్లెక్కి వచ్చినారు. ఒక ముసలాయన చెమటలు కారుతూ, చేతులు వణుకుతూ మెట్టుమీద చతికిలబడినాడు. పెట్టె చూపగానే ఆయన కోడలు మాట్లాడక మూత తీసి మాత్రలు వెదికినది. ఆ రాత్రి వారందరికీ మా పొయ్యి మీదనే వంట. అత్తయ్య వడ్డించినది. రోలు ఉండి ఉంటే పచ్చడి కూడ చేసి ఉందునని డ్రైవరుకు వినబడేటట్లు రెండుసార్లు అన్నది.

తిరుగు ప్రయాణంలో ట్రాలీ తేలిక. ఖాళీ పీపాలు నిండినవాటికంటె ఎక్కువ గంతులు వేస్తాయి గనుక డ్రైవరు వాటిని గూడ ముందుకు జరిపి మోకు వేసినాడు.