దేర్‌ఫోర్ అనబడే మూడు చుక్కల కథ

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో కూడా మాస్టారే. జామెట్రీ సిద్ధాంతం రాసి చూపిస్తే ముందు ఆఖరి లైను చూసేవారు. అక్కడ మూడు చుక్కలు పెట్టి "అందువలన" అని రాశానా, ఇహ వేలు పైలైన్ల మీద పడేది. "ఎందువలనరా?" అనేవారు. దానికి పైన జవాబు లేకపోతే ఆ మూడు చుక్కల్నీ ఎర్రసిరాతో కొట్టేసేవారు. తక్కినదంతా సరిగ్గా ఉన్నా సరే, మార్కు పోయినట్టే.

ఆ చుక్కల పుట్టుపూర్వోత్తరాలు నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిశాయి. యోహాన్ రాన్ అనే స్విట్జర్లాండు గణితవేత్త 1659లో అచ్చువేసిన బీజగణితం పుస్తకంలో వాటిని వాడాడట. ఆ చుక్కల్ని ఇంగ్లీషులో చదివితే "దేర్‌ఫోర్". మాటను విడదీస్తే "దానికోసం", "దానివల్ల" అని వస్తుంది. మన "అందుచేత" కూడా అచ్చం అంతే. "కాబట్టి" నాకింకా నచ్చుతుంది, అందులో "పట్టి" ఉంది కదా! ముందు చెప్పినదాన్ని పట్టుకునే తర్వాతి మాట నిలబడాలి. పట్టు జారితే రెండూ కిందపడతాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? వస్తున్నా.

నేను మెల్బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్‌ని. ఆ మధ్య ఓ జూలైలో, వణికించే చలిలో, మా క్లయింటు సిస్టమ్ ఒకటి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ పొద్దున 9:45కి మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఓ చిన్న మార్పు రిలీజ్ చేశాడు. మనవాడే, చేరి రెండు నెలలు కూడా కాలేదు. సరిగ్గా 10:00కి అంతా ఆగింది. 10:30కల్లా నేను మెయిల్ కొట్టేశాను. దాని సారాంశం మూడు వాక్యాలు: 9:45కి మార్పు వెళ్ళింది. 10:00కి సిస్టమ్ ఆగింది. దేర్‌ఫోర్, ఆ మార్పే కారణం. మెయిల్లో పదిహేనుమంది ఉన్నారు. మార్పు ఎవరిదో అందరికీ తెలుసు.

కుర్రాడు నా డెస్కు దగ్గరకొచ్చి మెల్లిగా అన్నాడు, "అన్నా, నా మార్పు వెనక్కి తీసేశాం కదా, అయినా లేవలేదు. మరి..."

"కాష్ క్లియరవ్వాలి లేవయ్యా" అన్నాను తలెత్తకుండా.

మధ్యాహ్నం అసలు సంగతి బయటపడింది. రెండు సిస్టమ్‌లు మాట్లాడుకోవడానికి వాడే సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. ఆ గడువు గ్రీనిచ్ లెక్కలో అర్ధరాత్రి. మెల్బోర్న్‌కి చలికాలంలో అది సరిగ్గా ఉదయం పది గంటలు! గడియారం చూసుకున్నట్టు పదింటికే ఎందుకాగిందని నాకు తట్టనే లేదు. పైగా ఆ సర్టిఫికెట్‌ని చూసుకోవాల్సిన జాబితాలో ఉన్నది నా పేరే.

ఇలాంటి తప్పుకి మన పెద్దలు ఎప్పుడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వచ్చి వాలింది, తాటిపండు రాలింది. రాలింది వాలిన తర్వాతే, నిజమే. వాలినందువల్లే అని ఎవరు చెప్పారు? "తర్వాత"ని "అందువల్ల"గా మార్చింది కాకి కాదు, చూస్తూ కూర్చున్నవాడు.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన ఆంధ్ర పండితుడే, 17వ శతాబ్దం వాడు. న్యాయశాస్త్రంలో ఎదుటివాణ్ణి ఒప్పించే వాదానికి ఐదు మెట్లుంటాయి. కొండమీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా. ఈ కొండమీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. ఈ ఐదోమెట్టు పేరు నిగమనం, అదే మన దేర్‌ఫోర్. దాని బరువంతా మోసేది మూడోమెట్టు. ఆ మెట్టునీ తిరగేయకూడదు. ఎర్రగా కాల్చిన ఇనపగుండులో నిప్పుంటుంది గానీ పొగ ఉండదు. నా మెయిల్లోనో, అసలు మూడోమెట్టే లేదు. అలాంటి మార్పు వెళ్ళినప్పుడల్లా సిస్టమ్ ఆగుతుందా? ఆ మార్పు తీసేస్తే లేస్తుందా? ఆ రెండో ప్రశ్నకి జవాబు కుర్రాడు నోటితోనే చెప్పాడు, నేను వినలేదు.

ఆ సాయంత్రం రెండో మెయిల్ రాశాను. పొద్దున నేను చెప్పిన కారణం తప్పనీ, మార్పుకీ దీనికీ సంబంధం లేదనీ, సర్టిఫికెట్ చూసుకోవాల్సింది నేనేననీ. సిస్టమ్ అప్పటికే లేచి కూర్చుంది కాబట్టి (ఈ కాబట్టి మాత్రం సరైనదే) దాన్ని ఎవరూ పెద్దగా చదవలేదు. మొదటి మెయిల్ అందరూ చదివారు. ఆ తర్వాత చాన్నాళ్ళు ఎవరు రిలీజ్ చేస్తున్నా "ఆ కుర్రాణ్ణి దూరంగా కూర్చోబెట్టండి" అని ఓ జోకు నడిచింది. వాడూ నవ్వేవాడు. ఆ నవ్వు చూడలేక నేను మానిటర్లోకి చూసేవాణ్ణి. చివరికి ఓ మీటింగులో అందరి ముందూ చెప్పాను, ఆ రోజు తప్పు నాదని. జోకు అప్పుడాగింది. అదేదో మొదటిరోజే నోటితో చెప్పుండాల్సింది.

ఆదివారం ఫోన్‌లో నాన్నగారికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"ఆ అబ్బాయి మంచివాడురా. ఆఖరి లైను నువ్వు రాశావు, పై లైను వాడు చూశాడు" అన్నారు.

ఇప్పుడు మెయిల్లో దేర్‌ఫోర్ అని టైపు చేసినప్పుడల్లా వేలు పై లైను మీదకి వెళుతోంది.