పాత జీపు కొనేముందు బానెట్ మీద చేయి పెట్టండి



మా తండాకు రాత్రి బస్సు లేదు. కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా నిజామాబాద్ పెద్దాసుపత్రికి పోవాలె. అందుకే ఇంటింటికీ చందా వేసుకొని, పాత మహీంద్రా ఫోర్ వీల్ జీపు ఒకటి చూసినం. కొత్త రంగుతో మెరుస్తున్నది. లోపల ఏముందో మాకు తెల్వదు. బోధన్ నుంచి ఒక మెకానిక్ మామను వెంట తీసుకపోయినం. శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడేదాకా చెరుకు లారీలు, ట్రాక్టర్లు బాగుచేసిన చేయి ఆయనది.

మామ ముందుగాల బానెట్ ముట్టి చూసిండు. వేడిగా ఉంది. "చల్లారనియ్యిండ్రి. వేడి ఇంజన్ రోగం దాస్తది" అని చెట్టు కింద కూసున్నడు. చల్లారినంక స్టార్ట్ చేస్తే నీలం పొగ వచ్చింది, అంటే ఆయిల్ కాలుతున్నది. ఆయిల్ మూత తీస్తే గాలి ఎగదన్నింది, అది బ్యాక్ కంప్రెషన్. పిస్టన్ రింగులు అరిగినయన్నడు. ఛాసిస్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రంగు కింద తుప్పు రాలింది. ఫోర్ వీల్ లివర్ పడనేలేదు.

ఆ బండి వద్దనుకున్నం. తండా పైసలు తండాలనే ఉన్నయ్.

మీ దగ్గర కొనేటోళ్లకు ఇది చెప్పండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూడాలి. సొంత బండికి 15 ఏండ్లు దాటితే 5 ఏండ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి, అది అయిందో లేదో అడగాలి. అన్నిటికంటే ముందు, బండి తెలిసిన మనిషిని తోలుకపోవాలి. మేమైతే ఇంకో జీపు వెతుకుతున్నం, మీ ఎరుకల ఉంటే చెప్పండి.